సింగపూరు ఇంటి ముంగిట ఏ రాయి పరుద్దాం?

(రేడియో ప్రసంగ పాఠం)



ఈ వారం ఇంటి బయటకి వద్దాం. బయట అంటే మరీ రోడ్డు మీదకి కాదు లెండి. తలుపు తీసి అడుగు బయట పెట్టగానే వచ్చే నాలుగడుగుల జాగా గురించి మాట్లాడుకుందాం. ఇక్కడివాళ్ళు దాన్ని పాటియో అంటారు, బాల్కనీ అంటారు, కార్ పోర్చ్ అంటారు. మనకైతే వాకిలి, ముంగిలి, అరుగు, పెరడు అని దేని పేరు దానికుంది. సింగపూరులో నేల ఎంత ఖరీదో మీకు నేను చెప్పక్కర్లేదు. మనలో ఎక్కువమందిమి హెచ్.డీ.బీ. ఫ్లాట్లలో ఉంటాం. కొందరికి బాల్కనీ ఉంటుంది. కాండోలో కింది అంతస్తు తీసుకున్నవాళ్ళకి ప్రహరీ కట్టిన చిన్న జాగా ఉంటుంది. టెర్రస్ ఇళ్ళు కొనుక్కున్న అదృష్టవంతులు కూడా మన శ్రోతల్లో ఉన్నారు. ఎవరికి ఎంత ఉన్నా, దాని మీద ఏ బండ వేయాలి, ఏ రాయి వేయాలి అన్న ప్రశ్న ఒక్కటే.

ముందే చెప్పేస్తాను, నేను సివిల్ ఇంజనీరుని కాను, కంప్యూటర్ల మనిషిని. మా ఇంటి కోసం, ఆ తరువాత ఇద్దరు ముగ్గురు స్నేహితుల ఇళ్ళ కోసం రాళ్ళ దుకాణాల చుట్టూ తిరిగి, మేస్త్రీల పక్కన నిలబడి, కాస్త చదువుకుని తెలుసుకున్న సంగతులే ఇవి. మా ఉద్యోగాల్లో ఏ పని మొదలుపెట్టినా మొదటి ప్రశ్న, దీన్ని వాడేది ఎవరు అని. ముంగిలికి కూడా అదే ప్రశ్న వేసుకోండి. దుకాణంలో కేటలాగు తిరగేసేటప్పుడు మనకి విల్లాల ఫోటోలు కనిపిస్తాయి. కానీ మన ముంగిట నడిచేది ఎవరు? ఇండియా నుంచి రెండు మూడు నెలలకని వచ్చే అమ్మా నాన్నా, అత్తగారూ మావగారూ. వాళ్ళు నడిచేది వట్టి కాళ్ళతో. తెల్లవారుజామున తులసికోట దగ్గర నీళ్ళు పోసేది వాళ్ళే, ఆ తడిలోనే నాలుగు గీతల ముగ్గు వేసేది వాళ్ళే. డెబ్భయి ఏళ్ళ మనిషి జారిపడి తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో ఊరికో కథ మనందరికీ తెలుసు. విజిటర్లుగా వచ్చినవాళ్ళకి ఇక్కడి ఆసుపత్రుల్లో రాయితీలు ఉండవు కాబట్టి ఖర్చు సంగతి వేరే. అందుకని ఈ మాటల్లో రంగూ మెరుపూ వెనక్కి పోతాయి, తడిసినప్పుడు జారకుండా ఉండటం ముందుకొస్తుంది.

రాయి సంగతికి వచ్చేముందు ఒక చిన్న ముచ్చట. సింగపూరులో రాళ్ళెక్కడివి, అన్నీ దిగుమతే కదా అనుకుంటాం. ఇప్పుడు అది నిజమే. కానీ ఒకప్పుడు ఈ దేశం గ్రానైటు దేశం. మనం పిల్లల్ని సైకిళ్ళు తొక్కించడానికి తీసుకెళ్ళే పులావ్ ఉబిన్ దీవి ఉందే, ఆ ఉబిన్ అన్న మాట జుబిన్ అనే మలయ్ మాట నుంచి వచ్చింది. దానర్థం నేల మీద పరిచే పలక. అంటే ఆ దీవి పేరే గచ్చురాళ్ళ దీవి అన్నమాట! 1851లో వెలిగిన హార్స్‌బర్గ్ లైట్‌హౌసుకి రాయి అక్కడిదే. జొహోర్ వెళ్ళడానికి మనం గంటల తరబడి బస్సుల్లో నిలబడే కాజ్‌వే ఉంది చూశారా, 1919లో మొదలుపెట్టి 1924లో అధికారికంగా ప్రారంభించినది, దానికి కూడా ఉబిన్, బుకిత్ తిమా గనుల గ్రానైటే పోశారు. ఉబిన్ లో చివరి గని 1999లో మూతపడింది. ఇప్పుడు అవన్నీ నీళ్ళు నిండి, కొంగలు వాలే చెరువులైపోయాయి. ఆ తరువాత సింగపూరు రాయికి, ఇసుకకి పొరుగు దేశాల మీద ఆధారపడింది. 2007లో ఇండోనేషియా ఇసుక ఎగుమతి ఆపేసి, గ్రానైటు పడవల్ని కూడా పట్టుకున్నప్పుడు ఇక్కడ కట్టడాల ధరలు ఎలా ఎగిరాయో అప్పటికే ఇక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

ఇంకో ముచ్చట కూడా చెప్పనివ్వండి, ఇది మనకి దగ్గరది. సిటీ హాల్ స్టేషన్ పక్కన తెల్లగా మెరిసే సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్ 1856 నుంచి 1861 దాకా కట్టారు. కట్టినవాళ్ళు ఇండియా నుంచి శిక్ష పడి వచ్చిన ఖైదీలు. లోపలి గోడలకి పూసింది మద్రాసు చునామ్ అనే పూత. గవ్వల సున్నం, కోడిగుడ్డు తెల్లసొన, బెల్లం కలిపి మెత్తగా దంచి, కొబ్బరిపీచు నానబెట్టిన నీళ్ళు పోసి, ఆరాక రాతితో నున్నగా రుద్దేవారు. మన పాత ఇళ్ళలో తాతల నాటి గచ్చు ఎలా చేసేవారో విన్నవాళ్ళకి ఇదేమీ కొత్తగా అనిపించదు. ఈసారి అటు వెళ్ళినప్పుడు ఆ గోడలు ఒకసారి చూడండి.

సరే, అసలు సంగతి. ఇక్కడి దుకాణాల్లో మీకు దొరికేవి గ్రానైటు, సున్నపురాయి, ఇసుకరాయి, స్లేటు, పోర్సెలీన్ టైలు, సిమెంటు పేవర్లు. రకరకాల పేర్లతో అమ్ముతారు గానీ మూలం ఇంతే. వీటిలో చాలావాటికి మన ఊళ్ళతో చుట్టరికం ఉంది.

మొదట నాపరాయి. తాండూరు బండలు, షాబాద్ బండలు, బేతంచర్ల బండలు, కడప నల్లబండ, ఇవన్నీ ఒకే కుటుంబం, సున్నపురాయి. తెలంగాణలో, రాయలసీమలో ఈ బండలు వేయని ఇల్లు ఒకప్పుడు అరుదు. వేసవిలో దాని మీద చాప కూడా లేకుండా పడుకుంటే ఎంత చల్లగా ఉంటుందో! అందుకే సింగపూరులో ఇల్లు తీసుకున్న మనవాళ్ళు తాండూరు రాయి దొరుకుతుందా అని అడుగుతుంటారు. దొరుకుతుంది. కానీ ఆలోచించుకోండి. తాండూరులో ఏడాదికి పడే వాన ఎంత, ఇక్కడ పడే వాన ఎంత? సింగపూరులో సగటున ఏడాదికి 2,100 మిల్లీమీటర్ల పైన వాన, 171 రోజులు వాన రోజులే. హైదరాబాదు వానకి ఇది రెండున్నర రెట్లు. సున్నపురాయికి ఆమ్లం పడదు. వాన నీరు స్వతహాగా కొద్దిగా ఆమ్లమే. ఏళ్ళ తరబడి తడిస్తే పాలిష్ పోతుంది, నల్ల కడప రాయి బూడిద రంగుకి తిరుగుతుంది. దాని మీద చింతపండు పులుసు ఒలికినా, నిమ్మకాయ పిండినా మచ్చ పడుతుంది. దిష్టి తీసి నిమ్మకాయ కోసి గుమ్మంలో పెట్టే అలవాటున్న ఇళ్ళలో సున్నపురాయి మీద ఆ మచ్చలు గుండ్రంగా కనిపిస్తుంటాయి. కప్పు ఉన్న వరండాకైతే, పాలిష్ చేయని గరుకు తాండూరు రాయి నాకు ఇప్పటికీ ఇష్టమే. వాన నేరుగా పడే చోట మాత్రం వద్దంటాను.

దుకాణంవాడు చెప్పే పేరు నమ్మకుండా మీరే తెలుసుకునే ఉపాయం ఒకటుంది. నమూనా ముక్క ఇంటికి తెచ్చుకుని, కింది వైపు ఒక చుక్క నిమ్మరసం వేసి పావుగంట ఉంచి తుడవండి. అక్కడ మెరుపు పోయి పేలవంగా కనిపిస్తే అది సున్నపురాయో పాలరాయో. గ్రానైటుకి ఏమీ కాదు. అలాగే ఇంకో చోట ఒక చెంచా నీళ్ళు పోసి పది నిమిషాలు చూడండి. రాయి త్వరగా నల్లబడిందంటే నీరు తాగుతోందని. నీరు తాగే రాయి నూనె కూడా తాగుతుంది, పాచి కూడా పట్టిస్తుంది. ఇసుకరాయితో ఇక్కడ వచ్చే తంటా ఇదే. రాజస్థాన్ లో ఎండకి అందంగా ఉండే రాయి ఇక్కడి తేమకి ఆరు నెలల్లో పచ్చబడుతుంది, ముఖ్యంగా చెట్టు నీడ పడే చోట.

ఇహ గ్రానైటు. మనవాళ్ళకి గర్వంగా చెప్పుకోవడానికి ప్రకాశం జిల్లా చీమకుర్తి ఉండనే ఉంది. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ అక్కడిదే. ప్రపంచంలో ఏ విమానాశ్రయానికి వెళ్ళినా, ఏ బ్యాంకు మెట్లు ఎక్కినా అది మన కాళ్ళ కింద ఉండే అవకాశం ఉంది. కరీంనగర్ ప్రాంతం నుంచి టాన్ బ్రౌన్ వస్తుంది. శ్రీకాకుళం టెక్కలి వైపు నుంచి నీలి రంగు రాయి వస్తుంది, దాన్ని వైజాగ్ బ్లూ అనీ హిమాలయన్ బ్లూ అనీ అమ్ముతారు. టెక్కలికీ హిమాలయాలకీ ఏమిటి సంబంధం అని నన్నడగకండి.

రాయిగా గ్రానైటుకి ఇక్కడి వాతావరణంలో తిరుగులేదు. నీరు పెద్దగా తాగదు, ఆమ్లానికి చలించదు, కారు ఎక్కినా ఓర్చుకుంటుంది. చిక్కు అంతా దాని ముఖంతోనే. పాలిష్ చేసిన గ్రానైటు పొడిగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. దాని మీద నీరు పడిందా, పాదానికీ రాయికీ మధ్య నీటి పొర నిలుస్తుంది, పట్టు పోతుంది. రాయి గరుకుగా ఉంటే ఆ నీరు గుంటల్లోకి తప్పుకుని, మిట్టలు పాదానికి తగులుతాయి. మన పెద్దవాళ్ళు రోలుకీ తిరగలికీ గంట్లు పెట్టించేవారు, పప్పు జారకుండా. ఇదీ అంతే, మనిషి జారకుండా. ఇలా గంట్లు పెట్టినట్టు చేసే దాన్ని బుష్ హ్యామర్ ఫినిష్ అంటారు. ఇంకొకటి ఫ్లేమ్డ్ ఫినిష్. రాయి మీద పెద్ద మంట ఆడిస్తారు. గ్రానైటులో క్వార్ట్జ్ అనే స్ఫటికం 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, పైపొర చిట్లి రాలిపోతుంది, గరుకు ముఖం బయటపడుతుంది. ఇక్కడే ఒక మెలిక. చీమకుర్తి నల్లరాయిని వ్యాపారంలో గ్రానైటు అంటారు గానీ, భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి, క్వార్ట్జ్ దాదాపు ఉండదు. కాబట్టి మంట పని దాని మీద అంత బాగా రాదు. నల్లరాయే కావాలంటే బుష్ హ్యామరో, లెదర్ ఫినిషో అడగండి. లెదర్ చేత్తో తడిమితే బాగుంటుంది కానీ తడిలో దాని పట్టు అంతంతమాత్రం. బయటికి నేను గంట్ల వైపే మొగ్గుతాను.

పైగా నల్లరాయి మధ్యాహ్నం ఎండకి కాలిపోతుంది. మధ్యాహ్నం బట్టలు తీసుకురావడానికి వట్టి కాళ్ళతో వెళ్ళిన మనిషి గంతులు వేయాల్సిందే. కప్పు లేని చోట లేత బూడిద రంగు గ్రానైటు మేలు. బంగారు చుక్కల రాయిని వంటింటి గట్టుకి ఉంచుకోండి, అక్కడ దాని అందం కనిపిస్తుంది.

స్లేటు గురించి ఒక్క మాట. మనం ఓనమాలు దిద్దుకున్న పలక గుర్తుందా? మార్కాపురం పలక అది. ఆ మార్కాపురం గనుల రాయే ఆకుపచ్చ, ఊదా, తుప్పు రంగుల్లో ఫ్లోరింగ్ కింద విదేశాలకి వచ్చింది. సహజంగానే గరుకు కాబట్టి జారదు, రంగులు చూడముచ్చటగా ఉంటాయి. పొరలు పొరలుగా ఏర్పడిన రాయి కనుక నాసిరకం అయితే తడికీ ఎండకీ పొరలు లేచిపోతుంది. ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని నాణెంతో కొట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, డబ్బని శబ్దం వస్తే లోపల పొర విడిందని. ఆ పలకల పరిశ్రమలో పిల్లల చేత పని చేయించడం, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ జబ్బు రావడం చాలాకాలం నడిచిన కథ. రాయి ఎక్కడినుంచి వస్తోంది, ఎవరు తీస్తున్నారు అని అమ్మేవాణ్ణి అడగడంలో తప్పేమీ లేదు. మన ఇంటి దగ్గర కోసేటప్పుడు కూడా నీళ్ళు పోస్తూ కోయమనండి. దుమ్ము లేవకూడదు, కోసే కుర్రాడికి మాస్కు ఉండాలి. బంగ్లాదేశ్ నుంచో తమిళనాడు నుంచో, మన కోస్తా జిల్లాల నుంచో వచ్చిన కుర్రాడే అయ్యుంటాడు అతను. ఇంజనీర్డ్ క్వార్ట్జ్ అనే తయారీ రాయి వల్ల పనివాళ్ళకి ఈ జబ్బు మరీ ఎక్కువగా వస్తోందని ఆస్ట్రేలియా 2024 జులై నుంచి దాన్ని నిషేధించింది. ఎటూ ఆ రాయి బయట పనికిరాదు, అందులోని జిగురు ఎండకి పసుపెక్కుతుంది.

రాయి కాకుండా పోర్సెలీన్ టైలు తీసుకుంటే పాపమా? ఏమీ కాదు. నిజానికి బాల్కనీకి నా ఓటు దానికే. మంచి పోర్సెలీన్ అర శాతం కన్నా తక్కువ నీరు పీల్చుకుంటుంది. నూనె, పసుపు, కుంకుమ ఏదీ లోపలికి పోదు. రాయి లాగే కనిపించేవి చాలా వచ్చాయి. కాకపోతే కొనేటప్పుడు జారుడు గ్రేడు అడగాలి. జర్మనీ పద్ధతిలో ఆర్9 నుంచి ఆర్13 దాకా ఇస్తారు. ఏటవాలు బల్ల మీద నూనె పోసి, బూట్లు వేసుకున్న మనిషిని నడిపించి చూసే పరీక్ష అది. ఆర్9 అంటే బొత్తిగా జారేది కాదు అని అమ్మేవాళ్ళు చెబుతారు, కానీ ఆ వరసలో అదే అన్నిటికంటే కిందిది. తడిసే చోటికి ఆర్11 అడగండి. వట్టి కాళ్ళకి వేరే పరీక్ష ఉంది, సబ్బు నీళ్ళతో చేసేది, దానికి ఏ, బీ, సీ అని గ్రేడులు. మన అలవాట్లకి ఇదే అసలు పరీక్ష, బీ గానీ సీ గానీ చూసుకోండి. లోలకం ఊపి కొలిచే పద్ధతి ఇంకొకటి, అందులో తడి అంకె 36, అంతకు పైన ఉంటే జారే ప్రమాదం తక్కువని బ్రిటన్ వాళ్ళ లెక్క. సింగపూరుకి కూడా ఎస్.ఎస్.485 అని సొంత ప్రమాణం ఉంది. ఈ కాగితం చూపించలేని దుకాణంలో బయటికి వేసే టైలు కొనకండి.

ఇప్పటికే వేసేసిన నేల జారుతుంటే ఏం చేయాలని ఇంతకుముందు ఒక శ్రోత అడిగారు. టైళ్ళ మీద పూసి సన్నని గరుకు తెప్పించే మందులు ఉన్నాయి. హెచ్.డీ.బీ. వాళ్ళు పెద్దవాళ్ళున్న ఇళ్ళకి 2012 నుంచి నడుపుతున్న ఈజ్ అనే పథకంలో బాత్రూము టైళ్ళకి ఇలాంటి పూత వేసి, పట్టుకోవడానికి కమ్మీలు బిగిస్తారు. అర్హత ఉన్నవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ పూతలు అరుగుతాయి, మధ్యమధ్య మళ్ళీ వేయించుకోవాలి.

ఇప్పుడు మన ఇళ్ళకే ప్రత్యేకమైన మరకల సంగతి. కార్తీక మాసంలో ముంగిట వరసగా దీపాలు పెడతాం. నూనె ఒలుకుతుంది. నీరు తాగే రాయి మీద ఆ మచ్చలు ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. బేకింగ్ సోడా గానీ సుద్దపొడి గానీ నీళ్ళతో పేస్టులా కలిపి మచ్చ మీద దట్టంగా వేసి, ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రోజు ఉంచితే నూనెని అది పైకి లాగుతుంది. ఒక్కసారికి పోకపోతే మళ్ళీ చేయాలి. పసుపు మరకకి కంగారు పడనక్కర్లేదు, ఎండ తగిలే చోట అదే వెలిసిపోతుంది. కుంకుమ మాటే నాకు భయం. అందులో కలిపే రంగులు ఒక్కొక్కటి ఒక్కో రకం. దీపాల కింద చిన్న ఇత్తడి పళ్ళాలో తమలపాకులో పెట్టడం అన్నిటికన్నా తేలిక. ఇక పాచి పట్టిన చోట పలచని బ్లీచి నీళ్ళు పోసి బ్రష్షుతో రుద్దితే చాలు. బ్లీచిని యాసిడ్ తో, యాసిడ్ ఉన్న బాత్రూమ్ క్లీనర్లతో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఇది మన ఇళ్ళలో పనిచేసే అమ్మాయిలకి కూడా వివరంగా చెప్పండి. సున్నపురాయికైతే యాసిడ్ చూపించనే కూడదు.

సీలర్ వేయించమంటారు. రెండు రకాలు. ఒకటి రాయి లోపలికి ఇంకేది, రెండోది పైన వార్నిషులా పొర కట్టేది. పొర కట్టేది మెరుస్తుంది, మనవాళ్ళకి నచ్చుతుంది. ఇక్కడి తేమకి కింది నుంచి వచ్చే చెమ్మ బయటికి పోలేక ఆ పొర తెల్లబడి ఊడిపోతుంది, పైగా జారుతుంది. ఇంకేదే తీసుకోండి.

రాయి ఎంత మంచిదైనా దాని కింద పని బాగాలేకపోతే అంతా వృథా. మన తాపీ మేస్త్రీలు వాటం అంటారే, నీరు పారే వాలు, అది ముఖ్యం. 80 సెంటీమీటర్ల దూరానికి 1 సెంటీమీటరు వాలు ఉంటే నీరు కాలువ వైపు సాగిపోతుంది. గరుకు రాయికి ఇంకాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. వాటం లేకపోతే నీరు నిలుస్తుంది. సింగపూరులో నిలిచిన నీరంటే ఏమిటో తెలుసుగా? ఏడిస్ దోమ, డెంగీ, ఎన్.ఈ.ఏ. వాళ్ళ తనిఖీ, జరిమానా. దోమ గుడ్డు నుంచి ఎగిరే దాకా వారం పది రోజులు చాలు. మేస్త్రి వెళ్ళిపోకముందే, డబ్బు పూర్తిగా ఇవ్వకముందే రెండు బకెట్ల నీళ్ళు పోసి అరగంట తరువాత ఎక్కడ నిలిచిందో చూడండి. గోళీ దొర్లించి చూసినా తెలుస్తుంది, పిల్లలకి కాలక్షేపం కూడా.

రెండోది, బండ కింద సిమెంటు నిండుగా ఉండాలి. కొందరు నాలుగు మూలలా మధ్యనా ముద్దలు పెట్టి బండ అతికించేస్తారు. కింద ఖాళీల్లో నీరు చేరుతుంది, ఆ నీరు సిమెంటులో సున్నాన్ని కరిగించి పైకి తెచ్చి తెల్లగా ఉప్పు పూసినట్టు చేస్తుంది, కారు చక్రం ఎక్కితే బండ పగులుతుంది. కర్రతో తట్టుకుంటూ వెళ్ళండి, డొల్ల శబ్దం వచ్చిన ప్రతి బండనీ లేపించి మళ్ళీ వేయించండి. మొహమాటపడకండి. లేత రంగు రాళ్ళకి తెల్ల సిమెంటు జిగురే వాడమనండి, లేకపోతే కింది నలుపు పైకి మరకలా దిగుతుంది. గోడల పక్కన, పెద్ద గచ్చు అయితే మధ్యమధ్య, మెత్తని సీలెంటు నింపిన సందులు వదలాలి. ఎండకి వ్యాకోచించిన రాయికి జరిగే చోటు లేకపోతే పైకి లేస్తుంది. 2018 జనవరిలో ఇక్కడ చలి పడ్డప్పుడు చాలా ఫ్లాట్లలో టైళ్ళు టపాకాయల్లా పేలి లేచాయని వార్తలొచ్చాయి, అక్కడ కారణం సంకోచం.

సిమెంటు పేవర్లు వేద్దామనుకునేవాళ్ళకి, మనుషులు నడిచే చోట 60 మిల్లీమీటర్ల మందం, కారు ఎక్కే చోట 80 మిల్లీమీటర్లు. కింద దిమ్మిస కొట్టిన కంకర, దాని మీద సన్నని ఇసుక పొర. పాడైన ఒక్క పేవర్ తీసి మార్చుకోవచ్చు, వాన నీరు సందుల్లోంచి భూమిలోకి ఇంకుతుంది. చూడటానికి బస్టాండులా ఉంటుందని మా ఆవిడ ఒప్పుకోలేదు, అది వేరే విషయం.

ఇవన్నీ నేల మీద ఇళ్ళకి. ఫ్లాటు బాల్కనీలో మాత్రం స్వతంత్రం తక్కువ. 20 మిల్లీమీటర్ల గ్రానైటు చదరపు మీటరుకి 54 కిలోల దాకా తూగుతుంది, దాని కింద సిమెంటు అదనం. హెచ్.డీ.బీ. ఫ్లాట్లలో నేల మీద వేసే టైలు, దాని కింది సిమెంటు పొర అన్నీ కలిపి 50 మిల్లీమీటర్లు మించకూడదని నియమం. పాత టైళ్ళ మీదే కొత్తవి వేద్దామనుకునేవాళ్ళు ఈ లెక్క చూసుకోవాలి. అనుమతి తీసుకోవాలి, వాళ్ళ దగ్గర నమోదైన కాంట్రాక్టరే చేయాలి. పగలగొట్టే పనులు శని ఆదివారాల్లో కుదరవు కాబట్టి ఆఫీసుకి సెలవు పెట్టక తప్పదు. పాత టైళ్ళు పగలగొడితే కింద వాటర్‌ప్రూఫింగ్ పొర దెబ్బ తింటుంది, అది మళ్ళీ వేసి, ఒకటి రెండు రోజులు నీళ్ళు కట్టి చూశాకే పైన టైలు వేయాలి. కింది ఇంటివాళ్ళ కప్పు కారిందంటే పోయేది డబ్బు ఒక్కటే కాదు, పండక్కి పలకరించుకునే పొరుగు కూడా. కాండోలో అయితే ప్రహరీ లోపలి జాగా మీదే అనిపించినా, మేనేజిమెంటుకి రాసి అడిగి మొదలుపెట్టండి. హెచ్.డీ.బీ. కారిడారు మనది కానే కాదు. మనుషులు తప్పుకుని వెళ్ళడానికి 1.2 మీటర్ల దారి వదలాలి. తులసికోట పెట్టుకునేవాళ్ళు ఆ కొలత చూసుకోండి.

చివరగా డబ్బు మాట. ఇండియాలో రాయి చవక కదా, చుట్టాల ద్వారా చీమకుర్తి నుంచే తెప్పించుకుందామని చాలామందికి ఆలోచన వస్తుంది. లెక్క వేయండి. 20 చదరపు మీటర్ల ముంగిలికి 20 మిల్లీమీటర్ల రాయి సుమారు 1,080 కిలోలు. ఇరవై అడుగుల కంటైనరులో దీనికి ఇరవై రెట్ల పైన పడుతుంది. ఒక్క టన్ను కోసం చెక్క పెట్టె, ఓడ కిరాయి, రేవు ఖర్చులు, 9 శాతం జి.ఎస్.టి., ఇక్కడ లారీ, ఇవన్నీ కలిస్తే రాయి ధర వాటి ముందు చిన్నదైపోతుంది. దారిలో నాలుగు బండలు పగిలితే మళ్ళీ అదే రంగు తెప్పించడం ఇంకో తలనొప్పి. నలుగురైదుగురు కలిసి ఒకేసారి ఇళ్ళు బాగుచేయించుకుంటుంటే తప్ప ఇక్కడే కొనుక్కోండి. ఇక్కడి దుకాణాల్లో ధర చదరపు అడుగుకి చెబుతారు, కాంట్రాక్టరు కొటేషన్ లో చదరపు మీటరుకి ఉండొచ్చు. ఒక మీటరుకి 10.76 అడుగులు, పోల్చేముందు మార్చుకోండి. కోతల్లో పోయేదానికి పది శాతం ఎక్కువ కొనండి, మిగిలినవి పారేయకుండా షూ ర్యాకు వెనకాల దాచండి. రాయి ప్రతి గనికీ, ప్రతి విడతకీ రంగు మారుతుంది కనుక రేపు ఒక బండ పగిలితే అవే దిక్కు.

కొనే ముందు నమూనా రెండు ముక్కలు అడిగి తెచ్చుకోండి. ఒకటి లోపల ఉంచి, ఒకటి మీ ముంగిట వాన పడే చోట నెల రోజులు వదిలేయండి. దాని మీద నూనె చుక్క, పసుపు చుక్క వేయండి. అమ్మగారో అత్తగారో ఇక్కడే ఉంటే తడి ముక్క మీద కాలు పెట్టించి, పట్టు ఎలా ఉందో వాళ్ళనే అడగండి. చేయి పట్టుకునే ఉండండి సుమా.

ఉంటాను, నమస్కారం.